కబడ్డీ అంపైరింగ్: ఏది ముందు?

కోర్టు పక్కన నిలబడితే నేను చూసేదంతా ఒకే ప్రశ్న కోసం: ఏది ముందు? టచ్ ముందా, కోర్టుకు రెండు పక్కలా ఉండే లాబీ పట్టీలో కాలు పడింది ముందా? బోనస్ ముందా, టచ్ ముందా? పాయింటు ఎవరిదో ఆ వరసే తేలుస్తుంది.

రైడర్ కదలకముందే అవతలి జట్టును లెక్కపెడతాను. ఆరుగురికి తగ్గితే బోనస్, అంటే బోనస్ లైన్ దాటినందుకు వచ్చే అదనపు పాయింటు, లేదు. రైడ్ మొదలయ్యాక లెక్కపెడదామంటే ఈలోపు కాలు లైన్ దాటేస్తుంది. కూత మధ్య గీత దాటకముందే మొదలవ్వాలి, గట్టిగా వినపడాలి. ఆలస్యమైతే రైడర్‌ను వెనక్కి పంపి, ఎదుటి జట్టుకు ఒక టెక్నికల్ పాయింటు ఇస్తాం. కూతను చెవికి వదిలేసి, కళ్లు కాళ్ల మీదే ఉంచాలి.

ఎక్కువ గొడవ బోనస్ దగ్గరే. పురుషుల కోర్టులో మధ్య గీతకు 3.75 మీటర్ల దూరంలో, రైడర్ దాటి రావాల్సిన బాక్ లైన్, దానికి మీటరు అవతల బోనస్ లైన్. ముందు కాలు లైన్‌ను పూర్తిగా దాటాలి, ఆ క్షణాన వెనక కాలు గాల్లో ఉండాలి. నిటారుగా నిలబడి చూస్తే వెనక కాలి వేళ్లకీ నేలకీ మధ్య సందు కనపడదు. అందుకే రైడర్‌తో పాటే కదులుతూ, బోనస్ లైన్‌కు సూటిగా వచ్చి మోకాళ్లు వంచుతాను. మడమ లైన్ మీదే ఉంటే బోనస్ లేదు. ప్రో కబడ్డీలో వీడియో రివ్యూ ఉంది. సంక్రాంతి పోటీల్లో, మట్టి కోర్టు మీద, సున్నంలో పడ్డ మడమ అచ్చే సాక్ష్యం. అది పాత అచ్చో కొత్తదో తెలియాలంటే 5 నిమిషాల విరామంలో గీతలు మళ్లీ వేయించాల్సిందే. ఇది చాలాచోట్ల పట్టించుకోరు.

టచ్ పడేదాకా లాబీ బయటి కిందే లెక్క, పడ్డాక అది కోర్టులో భాగం. జెర్సీ అంచు తగిలినా టచ్చే. తగిలిన ఆటగాడు చాలాసార్లు మన ముఖం వైపు చూస్తాడు, ఆ చూపును బట్టి మాత్రం పాయింటు ఇవ్వకూడదు.

నలుగురైదుగురు మీదపడి పట్టేశాక గుంపును చూసి లాభం లేదు. మధ్య గీత దగ్గరికి వెళ్లి వేలికొసల కోసం చూడాలి. కూత ఆగకుండా వేలు గీతకు అవతల నేల తాకితే రైడర్ బతికినట్టే, పట్టుకున్నవాళ్లంతా అవుట్. ఇక్కడ తొందరపడి విజిల్ వేయడం కన్నా పెద్ద తప్పు లేదు. విజిల్‌తో రైడ్ ముగిసిపోతుంది, మరుక్షణం గీత అందుకోబోయే చెయ్యి నష్టపోతుంది.

అంపైర్లిద్దరికీ వేరువేరుగా కనపడితే రెఫరీ తేలుస్తాడు. అప్పుడు కూడా పాయింటు ఎవరికని కాదు, చెయ్యి తాకింది ముందా, కూత ఆగింది ముందా అని అడగాలి.