ఆ అడ్డగీత ఎందుకుందో తెలుసా?

దసరాకి కారు కడిగాక మా ఇంట్లో మొదటి కుంకుమ బొట్టు ముందు గ్రిల్ మీదున్న లోగోకే పెడతాం, టైర్లూ స్టీరింగూ దాని తర్వాతే. కారుకి ముఖం అదేనని మాకెవరూ చెప్పలేదు, అలా అలవాటైపోయింది. ఈసారి బొట్టు పెడుతుంటే ఒక మాట రాయాలనిపించింది.

నాకు అన్నిటికన్నా నచ్చే లోగో వోల్వోది. మనలో చాలామందికి వోల్వో అంటే హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్ళే రాత్రి బస్సే. ఈసారి ఎక్కేముందు దాని ముఖం ఒకసారి చూడండి, గుండ్రటి వలయం, దానికి పైకి పొడుచుకొచ్చిన బాణం, గ్రిల్‌కి ఈ మూల నుంచి ఆ మూలకి ఒక అడ్డగీత. వలయం, బాణం కలిస్తే పూర్వం ఇనుముకి వాడిన గుర్తు, వోల్వో పుట్టిన స్వీడన్ ఇనుముకి పేరున్న దేశం కదా. వోల్వో అంటే లాటిన్‌లో ‘నేను దొర్లుతాను’ అని అర్థం, ఎందుకంటే ఈ కంపెనీ పుట్టింది బాల్ బేరింగులు చేసే ఎస్‌కేఎఫ్ నీడలో. ఇక ఆ అడ్డగీత సంగతి అసలు విశేషం. 1927లో మొదటి కారు తయారైనప్పుడు లోగోని రేడియేటర్ ముందు నిలబెట్టడానికి ఏదో ఒక ఆధారం కావాలి, అందుకని ఒక పట్టీ ఏటవాలుగా బిగించారు. అంతే, అందులో గొప్ప ఆలోచనేమీ లేదు. తర్వాత ఆ అవసరం పోయింది, పట్టీ మాత్రం ఉండిపోయింది.

32 ఏళ్ళ తర్వాత, 1959లో, అదే కంపెనీ ఇంజినీర్ నిల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే సీటు బెల్టు తయారుచేశాడు. పేటెంటు తమదే అయినా మిగతా కంపెనీలు కూడా వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ గీత నాకు భుజం మీంచి నడుముకి దిగే బెల్టులాగే కనిపిస్తోంది. గీసినవాళ్ళు అనుకున్న అర్థం కాదు, కంపెనీ తన పనితో దానికి తెచ్చిన అర్థం.

బీఎండబ్ల్యూ సంగతి ఇంకోలా జరిగింది. ఆ నీలం తెలుపు విమానం ప్రొపెల్లర్ అని అందరూ నమ్ముతారు, నేనూ చాలాకాలం నమ్మాను. నిజానికి 1917లో రిజిస్టర్ చేసిన ఆ గుర్తులో ఉన్నవి జర్మనీలోని బవేరియా రాష్ట్రపు రంగులు. 1929లో ఒక ప్రకటనలో తిరుగుతున్న ప్రొపెల్లర్ మీద ఆ లోగోని చూపించారు. కంపెనీ మొదలైందే విమాన ఇంజిన్లతో కాబట్టి కథ అతుక్కుపోయింది.

కియా అయితే 2021లో లోగో మార్చింది. ఆ కొత్త అక్షరాల్లో చివరి ‘ఏ’కి అడ్డగీత తీసేయడంతో చాలా దేశాల్లో జనం దాన్ని ‘కేఎన్’ అని చదివారు. పేరే చదవలేని లోగో నాకు నచ్చదు, పాత కోడిగుడ్డు ఆకారమే నయం. పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి 2019లో వచ్చిన మొదటి సెల్టోస్ కార్ల మీద అదే ఉండేది. అయినా అటు వెళ్ళినప్పుడు ‘కేఎన్’ అన్నవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు. బస్సులో కండక్టర్‌తో ‘కియా దగ్గర దిగాలన్నా’ అంటారు, టికెట్ కొట్టేస్తాడు.