ఎక్కిన గేర్లోనే దిగల్ల

పోయిన చలికాలం అమెరికాలోని మిన్నెసోటాలో, మంచు పడ్డ ఖాళీ పార్కింగ్ స్థలంలో మా పాపకు డ్రైవింగ్ ప్రాక్టీస్ చేయించాను. కారు జారగానే భయపడి బ్రేకు తొక్కి, స్టీరింగు పూర్తిగా తిప్పేసింది. బండి అడ్డంగా తిరిగి ఆగింది. పక్కనున్న నాకు నోరు పెగల్లేదు. కడప ఎండల్లో పెరిగినవాణ్ని, మంచు గురించి ఏం నేర్పగలను అనిపించింది.

ఈ డిసెంబర్‌లో కడపకు వచ్చాం. మా నాయన ఆర్టీసీ డ్రైవరుగా రాయచోటి రూట్లో ఏండ్ల తరబడి బస్సు తోలాడు. పాప గువ్వలచెరువు పాలకోవా అడిగితే మా తమ్ముడి కారు తీశాడు. కోవా కట్టించుకుని ఘాట్ దిగుతుంటే తుంపర మొదలైంది.

నాయన చెప్పులు విడిచి, ఒట్టి కాళ్లతో తోలుతున్నాడు. మలుపు ఇంకా దూరముండగానే వేగం తగ్గించి రెండో గేరు వేశాడు. మలుపులో బ్రేకు ముట్టుకోలేదు.

"ఎక్కిన గేర్లోనే దిగల్ల పాపా. జారినాక బ్రేకు తొక్కితే ఏం లాభం? మలుపు రాకముందే తొక్కల్ల. పెద్ద వానకంటే ఈ తొలి చినుకులే ప్రమాదం. దుమ్మూ, ఆయిలూ నాని రోడ్డు జారతాది, చూస్తే తెలీదు."

"బ్లాక్ ఐస్ కూడా అంతే అబ్బా! రోడ్డు మీద కనపడని పల్చటి మంచు పొర, తడి రోడ్డులాగే ఉంటుంది. వంతెనల మీద ముందు గడ్డకడుతుంది, కింద కూడా చల్లగాలే కదా" అంది పాప తాతతో.

"మరి వంతెన మింద ఏం చేస్తావు?"

"ఎక్కకముందే స్లో చేస్తా. జారితే కాలు తీసేసి, ఎటు పోవాలో అటే చూస్తూ మెల్లగా తిప్పుతా."

నాయన తలూపాడు. ఒక్క చోట మాత్రం ఇద్దరికీ కుదరలేదు. బ్రేకు కొట్టి కొట్టి వదలాలని ఆయన పాత అలవాటు. బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో గట్టిగా తొక్కిపట్టాలని, పెడల్ కాలికింద అదిరినా వదలకూడదని పాప చెప్పింది. ఆయన మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. చలికాలం టైర్ల సంగతీ అడిగాడు. 7 డిగ్రీలకంటే చల్లబడితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుందన్నాను. "అయితే ఖర్చు చూడొద్దు, మార్పించు" అన్నాడు. తిరిగి వెళ్లగానే మార్పిస్తాను.

ముందు లారీ పోతోంది.

"మంచులో ఎంత ఎడం ఇయ్యల్ల?"

"కనీసం ఎనిమిది సెకన్లు."

నాయన ఇంకాస్త వెనక్కు తగ్గాడు. లారీ ఒక కిలోమీటరు రాయి దాటగానే పాప లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... అద్దం మీద వైపర్ ఆడుతోంది. ఎనిమిది దాకా తెలుగులోనే లెక్కపెట్టింది. రాయి అప్పుడే మా పక్కకు వచ్చింది.