మాండ్రేక్‌కి 27 పాయింట్లు

మన పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమంటే మొదట స్కూల్ డే నాటకం గురించి రాద్దామనుకున్నాను. దాని గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. నాకు బాగా గుర్తున్నది కిటికీ పక్క చివరి బెంచీ. 1990 పదో తరగతి, తెలుగు మీడియం. ఆ బెంచీ డెస్కులో లెక్కల పుస్తకం పైన, ఇంద్రజాల్ కామిక్స్ కింద.

మద్రాసు లజ్ కార్నర్‌లో ప్లాట్‌ఫారం మీద పాత పుస్తకాలు అమ్మే ఆయన దగ్గర ఒక్కోటి రూపాయి. అట్ట చిరిగితే అర్ధరూపాయి. మనకొచ్చిన ఇంగ్లీషుకి సగం అర్థమయ్యేది, మిగతా సగం బొమ్మలు చెప్పేవి. క్లాసంతటికీ ముసుగువీరుడు ఫాంటమ్ పిచ్చి. నాకూ నా పక్కవాడికీ మాత్రం ఇంద్రజాలికుడు మాండ్రేక్. నల్ల కోటు, పొడుగు టోపీ, నున్నగా దువ్విన జుట్టు, సన్న మీసం. చెయ్యి ఇలా తిప్పితే చాలు, దొంగ చేతిలో తుపాకీ పామైపోయేది. నిజంగా అయ్యేది కాదు, వాడి కళ్లకి అలా కనిపించేది. 1934లో లీ ఫాక్ అనే ఆయన అమెరికా పత్రికల కోసం సృష్టించాడనీ, బొమ్మలు వేసింది ఫిల్ డేవిస్ అనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో తెలిసిందల్లా, లీజర్ పీరియడ్‌లో ఎవరు మాండ్రేక్ అవ్వాలన్నదే.

నేనే అయ్యేవాణ్ని, పుస్తకాలు కొనేది నేను కాబట్టి. పక్కవాడు లోథార్, అంటే కామిక్స్‌లో మాండ్రేక్ వెంట ఉండే ఆఫ్రికా బలశాలి. వాడు క్లాసులో అందరికంటే బలంగా ఉండేవాడు, నల్లగా ఉండేవాడు. ఎందుకు వాణ్ని లోథార్‌ని చేశామో దాచి లాభం లేదు, అందుకే. నేను చెయ్యి తిప్పితే వాడు ఎదురుగా పులి ఉన్నట్టు బెంచీ మీంచి వెనక్కి పడేవాడు. ఎంత బాగా పడేవాడంటే, ముందు బెంచీవాళ్లు నిజంగా వెనక్కి తిరిగి చూసేవాళ్లు. నా దగ్గర ఏదో శక్తి ఉందని ఒక టర్మ్ అంతా నేనే నమ్మాను.

తెలుగు మాస్టారు ఒకరోజు పుస్తకం పట్టేసుకున్నారు. చింపేస్తారనుకున్నాం. సాయంత్రం దాకా దగ్గర పెట్టుకుని, మొత్తం చదివి, మర్నాడు దాంతోనే భ్రాంతిమదలంకారం చెప్పారు. చీకట్లో తాడు చూసి పామనుకోవడం. "వీడు మంత్రగాడు కాదర్రా, కనికట్టువాడు. తాడు ఇతనిది, పాము చూసేవాడిది" అన్నారు. అలంకారాల్లో నాకు పరీక్షలో మార్కులు వచ్చింది ఆ ఒక్కదానికే. ఇంద్రజాల్ కామిక్స్ కూడా మనం పదో తరగతి రాసిన ఏడాదే ఆగిపోయింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా అమ్మాయి. వేళచ్చేరిలో మా ఫ్లాట్‌లో ప్రతి ఆదివారం దాని స్నేహితులు నలుగురు చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఆట. బోర్డు ఉండి తీరాలని లేదు. ఒకళ్లు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఒక్కో పాత్రగా మాట్లాడతారు, తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. మొన్న ఒకబ్బాయి ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాడు. "నాన్నా, ఒకళ్లు తక్కువయ్యారు, కూర్చుంటావా?" అంది. మురుకులు అందించడానికి వచ్చినవాణ్ని అలాగే కూర్చున్నాను. ఎవరిగా ఆడతావంటే ఆలోచించకుండా మాండ్రేక్ అన్నాను. ఎవరూ వినలేదట ఆ పేరు!

వాళ్లు ఆడేది 2014 నాటి నిబంధనలతో. మొదటి చిక్కు, మాండ్రేక్ ఎవరు? ఇంగ్లీషులో విజర్డ్ వేరు, సోర్సరర్ వేరు, వార్‌లాక్ వేరు. తెలుగులో ముగ్గురూ మాంత్రికులే. విజర్డ్ చదివి నేర్చుకుంటాడు, సోర్సరర్‌కి పుట్టుకతో వస్తుంది, వార్‌లాక్ ఏదో పెద్ద శక్తితో ఒప్పందం చేసుకుని తెచ్చుకుంటాడు. మాండ్రేక్ హిమాలయాల్లో బడికెళ్లి నేర్చుకున్నవాడు కాబట్టి విజర్డ్. అందులో ఇల్యూజన్ శాఖ, అంటే మాస్టారు అన్న కనికట్టే.

తర్వాత 27 పాయింట్లిచ్చి ఆరు గుణాలకు పంచుకోమంటారు. ప్రతి గుణమూ 8 దగ్గర మొదలు, ఒక్కో మెట్టుకి ఒక పాయింటు, 13 దాటాక రెండు. రేషన్ కార్డు మీద చక్కెర పంచుకున్నట్టే. తెలివికి 15, చురుకుకీ ఆకర్షణకీ చెరో 14, ఓర్పుకి 12. అక్కడికి అయిపోయాయి. బలం, వివేకం 8 దగ్గరే ఉండిపోయాయి. "వివేకం 8 ఏంటి? ఇది మాండ్రేకా, నువ్వా?" అంది మా అమ్మాయి. మనిషి జాతి కాబట్టి అన్నిటికీ ఒక్కోటి కలిసింది. మిగతావాళ్లు అప్పటికే ఐదో లెవెల్‌లో ఉన్నారని నన్నూ అక్కడే మొదలుపెట్టించారు. దారిలో తెలివి 18 అయింది. నా కనికట్టును ఎవరైనా పసిగట్టాలంటే పాచిక లెక్కలో కనీసం 15 రావాలన్నమాట. ఎనిమిది, లెవెల్‌కి మూడు, తెలివికి నాలుగు.

నిరాశ ఎక్కడంటే, కామిక్స్‌లో ఆయన ఎన్నిసార్లయినా చెయ్యి తిప్పుతాడు. ఇక్కడ గుంపు మొత్తాన్ని మైమరపించే హిప్నాటిక్ ప్యాటర్న్ రోజుకి రెండు మూడుసార్లే. అయితే ఒక ముక్క చదివి లేచి నిలబడ్డాను. ఈ ఆటలో చాలా మంత్రాలకు నోటితో ఏదో ఒకటి పలకాలి. దీనికి అక్కర్లేదు. చెయ్యి కదపాలి, ఒక వస్తువు ఉండాలి, అంతే. అచ్చం మాండ్రేకే. ఆ వస్తువుగా ఏం వాడొచ్చో తెలుసా? వెలుగుతున్న అగరుబత్తి! అమెరికావాళ్లు రాసిన పుస్తకంలో. పూజగదిలోంచి ఒకటి తెచ్చి చెవి మీద పెట్టుకుంటే మా ఆవిడ చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నాకు టెన్షన్.

మొదటి ఆదివారమే గుహలో గోబ్లిన్లు, అంటే పొట్టి రాక్షసుల్లాంటివి, ఎదురయ్యాయి. పెద్ద మంత్రాలు దాచుకుందామని, లెక్కలేనన్నిసార్లు వాడుకోగల చిన్నది, మైనర్ ఇల్యూజన్ తీశాను. దీనికీ నోటి పనిలేదు. "వాడి కాళ్ల దగ్గర పాము" అన్నాను. కథ నడిపే అమ్మాయి లా చదువుతోంది, తమిళమ్మాయి, ఏదీ ఊరికే వదలదు. "అంకుల్, ఈ మంత్రంతో వస్తువు బొమ్మే వస్తుంది. పాము వస్తువు కాదు, ప్రాణి" అంది. పుస్తకం చూపించింది. నిజమే.

అప్పుడు మాస్టారు గుర్తొచ్చారు.

"సరేనమ్మా, పాము వద్దు. తాడు. చుట్ట చుట్టి పడేసిన తాడు." తాడు వస్తువే, ఒప్పుకుంది. "గుహలో వెలుతురెంత?" కాగడా ఒక్కటే, దూరంగా. "నా శాఖవాళ్లు ఇదే మంత్రంతో బొమ్మా చప్పుడూ రెండూ ఒకేసారి తేవచ్చు కదా. చప్పుడు, బుస." ఆ అమ్మాయి నోట్సు మూసి నా వైపు చూసింది. పాచిక వేసింది. నాలుగు. గోబ్లిన్ ఈటె పారేసి పరుగెత్తింది. నలుగురూ బల్ల చరిచారు. ఈ వయసులో ఒకళ్లు నాకు చప్పట్లు కొట్టడం... పోనీలెండి.

రాత్రి వెంటనే నా లోథార్‌కి ఫోన్ చేశాను. మెడవాక్కంలోనే ఉంటాడు, హార్డ్‌వేర్ షాపు. మొత్తం విని, "మాస్టారి తాడు వాడేశావన్నమాట" అన్నాడు. కాసేపాగి, "ఒరే, లోథార్ రాజకుమారుడు, తెలుసా? సొంత రాజ్యం ఉంది వాడికి. అన్నాళ్లలో ఒక్కసారైనా నన్ను యువరాజా అన్నావా నువ్వు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు జవాబు రాలేదు. మొదట్లో లోథార్‌కి చిరుతపులి చర్మం కట్టి, వచ్చీరాని ఇంగ్లీషు పెట్టి నౌకరులా చూపించారనీ, 1965లో బొమ్మలు ఫ్రెడ్ ఫ్రెడరిక్స్ చేతికొచ్చాకే కాస్త మర్యాద దక్కిందనీ చెప్పబోయి ఊరుకున్నాను. మన బెంచీకి ఆ 1965 రానేలేదు.

పై ఆదివారం వాడొచ్చాడు. స్వీట్ బాక్స్ బల్ల మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని, పాత్ర కాగితం తీసుకున్నాడు. బలం 15. పూర్వచరిత్ర అన్న చోట నోబుల్, అంటే గొప్ప వంశంవాడు అని రాయించుకున్నాడు. దాని కింద ఏముందో మా అమ్మాయి చదివి వినిపించింది. కావాలంటే ముగ్గురు పరివారాన్ని తీసుకోవచ్చట, చిన్నాచితకా పనులు చేసిపెడతారట, ప్రమాదమున్న చోటికి మాత్రం రారట.

"ముగ్గురా? రాయమ్మా" అన్నాడు. "మొదటివాడి పేరు మాండ్రేక్."