గొంతు కోసం పుట్టని బాణీకి మాట కట్టడం: నార్మా విన్‌స్టోన్

ట్యూను ముందొచ్చి పాట తర్వాత రాయడం మన నెల్లూరోళ్లకి కొత్త కాదు. ఆత్రేయ గారిది సూళ్ళూరుపేట దగ్గరి మంగళంపాడే కదా. అయితే సినిమా ట్యూను పాడటానికే పుడుతుంది. పియానో వాయించేవాడు తన వేళ్లకు తగ్గట్టు చేసుకున్న బాణీకి మాటలు రాసి, వాటిని తనే పాడాలంటే కష్టం వేరు. లండన్ జాజ్ గాయని నార్మా విన్‌స్టోన్ దశాబ్దాలుగా ఆ పని చేస్తున్నారు. నెల్లూరు, ఒంగోలు ఆర్కెస్ట్రాల్లో పాడే పిల్లలూ పాటలు రాసే కుర్రాళ్లూ ఆమెను తప్పకుండా వినాలి.

ఆమె 1941లో తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో పుట్టారు. ట్రినిటీ సంగీత కళాశాలలో పియానో, ఆర్గాన్ నేర్చుకున్నారు. 1960ల చివర పియానిస్టు మైకేల్ గారిక్ బృందంలో చేరి, మాటల్లేకుండా వాద్యాలతో సమానంగా పాడారు. సొంత పేరుతో మొదటి ఆల్బం 'ఎడ్జ్ ఆఫ్ టైమ్' 1972లో వచ్చింది. 1977లో పియానిస్టు జాన్ టేలర్, ట్రంపెట్ వాయించే కెన్నీ వీలర్‌లతో 'అజిమత్' అనే ముగ్గురి బృందం మొదలైంది. అందులో డ్రమ్స్ లేవు, బేస్ లేదు. లయ తప్పితే దాచుకునే చోటే లేదు.

ఆమె పనితనం బాగా తెలిసేది అమెరికన్ పియానిస్టు జిమ్మీ రోల్స్ బాణీ 'ది పీకాక్స్' దగ్గర. దానికి ఆమె మాటలు రాస్తే 'ఎ టైమ్‌లెస్ ప్లేస్' అయింది. మధ్య భాగంలో స్వరాలు దూరదూరంగా గెంతుతాయి. మనకు అలవాటైన రాగంలా పట్టుకోవడానికి ఆధారం దొరకదు. పైగా పియానోకి ఊపిరి అక్కర్లేదు, గాయనికి కావాలి. అందుకే ఇలాంటి బాణీకి రాసేటప్పుడు మొదట చూడాల్సింది భావం కాదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది. పదం అక్కడ పూర్తి కావాలి. పదం మధ్యలో ఊపిరి తీస్తే అర్థమూ తెగుతుంది, శ్రుతీ జారుతుంది.

తెలుగులో ప్రయత్నించేవాళ్లకి ఇంకో రెండు చిక్కులు. పై స్థాయిలో సాగే స్వరం మీద ఇ, ఉ పడితే చాలా గొంతులు బిగుసుకుంటాయి. ఆ, ఓ వేస్తే తెరుచుకుంటాయి. పొడుగు స్వరం మీద హ్రస్వం పెడితే 'మనసు' కాస్తా 'మనాసు' అవుతుంది. వేగంగా పోయే చోట ఒత్తక్షరాలు తగ్గించండి, నాలుక అందుకోలేదు. సాధన ఇలా చేయండి: కీబోర్డు మీద ఒక్కో గెంతును విడిగా నాలుగైదు సార్లు వాయించి, నోరు మూసి హమ్మింగ్ చేసి, తర్వాత 'ఆ' అంటూ పాడి, చివర్లోనే మాట పెట్టండి. మాటతో మొదలుపెడితే అచ్చు మారినప్పుడల్లా శ్రుతి కూడా కదులుతుంది, తప్పు ఎక్కడుందో తెలియదు.

వినడం మాత్రం 1987 నాటి 'సమ్‌వేర్ కాల్డ్ హోమ్'తో మొదలుపెట్టడం మేలు. పియానో టేలర్‌ది, క్లారినెట్, సాక్సఫోన్ వాయించింది టోనీ కో. మాటలు తేటగా వినబడతాయి. తర్వాత 2008లో పియానిస్టు గ్లౌకో వెనియర్, సాక్సఫోన్ వాయించే క్లౌస్ గేసింగ్‌లతో చేసిన 'డిస్టెన్సెస్' వినండి, అది గ్రామీకి నామినేట్ అయింది. అజిమత్ ఆఖర్న. దానికి హెడ్‌ఫోన్లు కావాలి. ఫోన్ స్పీకర్‌లో వీలర్ ఊదేదేదో ఆమె పాడేదేదో విడదీయడం కష్టం.