గేట్లు ఎత్తితే కరెంటు వస్తుందనుకున్నా!

గ్రూప్-2 మాక్ టెస్టులో ఓ ప్రశ్న: జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్‌కి నీళ్లు దేని గుండా వస్తాయి? కళ్లు మూసుకుని 'స్పిల్‌వే' (మిగులు నీళ్లని గేట్ల గుండా వదిలే దారి) పెట్టేశా. నాది బీఏ. ప్రతి వానాకాలం టీవీలో శ్రీశైలం గేట్లు ఎత్తడం, నీళ్లు నురగలు కక్కుతూ దూకడం చూసి అదే కరెంటు అనుకునేవాణ్ని. ఆ 12 గేట్ల నుంచి పోయే నీళ్లు ఒక్క బల్బు కూడా వెలిగించవని ఆ రోజే తెలిసింది.

కరెంటు నీళ్ల దారి బయటికి కనపడదు. నీళ్లు లోపలికెళ్లే ఇన్‌టేక్, టర్బైన్‌కి దింపే పెన్‌స్టాక్ గొట్టం, నత్తగుల్లలా చుట్టుకున్న స్పైరల్ కేసింగ్, రన్నర్ (టర్బైన్‌లో తిరిగే చక్రం), దాని కింద నీళ్లు బయటికెళ్లే డ్రాఫ్ట్ ట్యూబ్, చివరికి నదిలో కలిపే టెయిల్‌రేస్ కాలువ. పాత క్యాలెండర్ వెనక స్కెచ్‌పెన్‌తో గీసి మంచం పక్కనే గోడకి అంటించా. రన్నర్ తిరిగితే అదే షాఫ్ట్ మీదున్న జనరేటర్ రోటర్ తిరుగుతుంది. అంతే సంగతి.

నన్ను ఎక్కువ ఏడిపించింది లెక్కలే. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులంటే డ్యామ్ ఎత్తు కాదండీ, సముద్రమట్టం నుంచి కొలత. కరెంటుకి కావాల్సింది హెడ్, అంటే పై నీటి మట్టానికీ టెయిల్‌రేస్ మట్టానికీ తేడా. సెకనుకి ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక మీటరు కిందికి దిగితే 9.81 కిలోవాట్లు. 100 మీటర్ల హెడ్, 100 ఘనపు మీటర్లు అయితే 98 మెగావాట్లు. సామర్థ్యం 90 శాతం వేస్తే 88. ఇది చేతికొచ్చాక బిట్లకి భయం పోయింది. మెగావాట్లు (ఒక క్షణాన వచ్చే కరెంటు), మిలియన్ యూనిట్లు (మొత్తం వచ్చిన కరెంటు, యూనిట్ అంటే కిలోవాట్-గంట) మాత్రం కలిపేయకండి: 110 మెగావాట్ల యంత్రం రోజంతా ఆగకుండా నడిస్తే 2.64 మిలియన్ యూనిట్లు.

శ్రీశైలం కుడిగట్టు కేంద్రంలో 7×110 మెగావాట్లు, ఎడమగట్టులో 6×150. కుడిగట్టుది బట్టీ పట్టి వదిలేయొచ్చు. ఎడమగట్టు కేంద్రం భూగర్భంలో ఉంది, పైగా రివర్సిబుల్. కరెంటు మిగిలిన వేళ అవే యంత్రాలు వెనక్కి తిరిగి కింది నీళ్లని మళ్లీ పైకి తోడగలవు. తోడడానికి పట్టే కరెంటు తిరిగొచ్చే దానికన్నా ఎక్కువే. "మరి నష్టం కదరా?" అన్నాడు మా రూమ్మేట్. రైతుబజార్లో పొద్దుటి టమాటా రేటూ, మూసేముందు రేటూ ఒకటేనా అని అడిగా. కరెంటు విలువా అంతే, వేళని బట్టి.