లైబ్రరీ పీరియడ్‌లో పాత పుస్తకాలు: నా అనుభవం

మా బడి లైబ్రరీలో పాత సాహిత్యమంతా ఒక అద్దాల బీరువాలో తాళం వేసి ఉండేది. పిల్లల చేతికి అందేవి బొమ్మల పుస్తకాలు, క్విజ్ పుస్తకాలు మాత్రమే. లైబ్రరీ పీరియడ్ నాకు అప్పగించినప్పుడు, ఐదు నుంచి ఏడో తరగతి వాళ్లకి ఆ బీరువాలోవి చూపిస్తానన్నాను. స్టాఫ్ రూమ్‌లో వెంటనే వచ్చిన మాట, "ఆ భాష వాళ్లకెక్కడ అర్థమవుతుంది మేడమ్?" ఆ భాష పిల్లల చెవిన పడేలా చదివి వినిపించేవాళ్లు లేకపోవడమే అసలు ఇబ్బంది అని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

ముందు పుస్తకాలన్నీ దింపి, ఏ పుస్తకంలో ఏ నాలుగు పేజీలు ఈ వయసువాళ్లకి పడతాయో వెతుక్కున్నాను. పుస్తకం గొప్పదని మొత్తం చేతిలో పెడితే పిల్లలు మొదటి పేజీ దాటరు. రచయిత ఎప్పుడు పుట్టాడు, ఏయే బిరుదులు పొందాడు అని మొదలుపెట్టినా అంతే, వాళ్ల ముఖాలు పరీక్షకి కూర్చున్నట్టు అయిపోతాయి. అవన్నీ తర్వాత వాళ్లే అడుగుతారు.

కన్యాశుల్కంతో మొదలుపెట్టాను. 1892లో మొదటిసారి ఆడిన నాటకం, పైగా కథ పెద్దవాళ్లది, అందుకే పూర్తిగా కాకుండా ఒక్క ఘట్టమే తీసుకున్నాను. వెంకటేశం ఇంగ్లీషు చదువు ఎంత బాగా సాగుతోందో తల్లికి చూపించడానికి, వాడికి చదువు చెప్పే గిరీశం, వాడూ ఇంగ్లీషులో మాట్లాడుకునే చోటు అది. గిరీశం "ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్" అంటాడు, వీడు దానికి సంబంధం లేని ఇంగ్లీషు ముక్క ఏదో అంటాడు, తల్లి మురిసిపోతుంది. ఆ పద్యం మా పిల్లలకి నోటికి వచ్చు కాబట్టి ఆ ఇద్దరూ ఏం చేస్తున్నారో ఎవరూ చెప్పకుండానే పట్టేశారు, తరగతంతా నవ్వులే. నవ్వు సర్దుకున్నాక ఒక అమ్మాయి, ఆ ఇంట్లో సుబ్బి అనే పిల్ల ఎవరు, తనకి అప్పుడే పెళ్లేమిటి అని అడిగింది. డబ్బు తీసుకుని చిన్నపిల్లని ముసలివాడికి ఇచ్చి చేసేవాళ్లని, ఆ ఆచారం మీద కోపంతోనే గురజాడ ఈ నాటకం రాశాడని సూటిగా చెప్పాను. ఇలాంటివి పిల్లలకెందుకు అనేవాళ్లు ఉంటారు, కానీ అడిగిన పిల్లకి అబద్ధం చెప్పి పంపడం నాకు చేతకాదు.

పద్యం దగ్గర అందరూ భయపెట్టారు. పోతన భాగవతంలో గజేంద్రమోక్షం తీసుకుని, కథ ముందే చెప్పేసి, "సిరికిం జెప్పడు" మొదలుపెట్టాను. ప్రతిపదార్థం చెప్పలేదు. ఏనుగు మొర విన్న తొందరలో విష్ణువు ఏమేం మరిచిపోయి బయల్దేరాడో కనిపెట్టండి అన్నాను, అంతే. లక్ష్మీదేవికి చెప్పలేదు, శంఖచక్రాలు తీసుకోలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యలేదు, చెదిరిన జుట్టు సరిచేసుకోలేదు, ఇవన్నీ వాళ్లే లాగారు, తెలియని మాట దగ్గర మళ్లీ చదవమన్నారు. తర్వాతి పద్యం "తనవెంటన్ సిరి" ఇంకా బాగా కుదిరింది, అందులో ఆయన వెనక లక్ష్మి, ఆమె వెనక అంతఃపురం వాళ్లు, వాళ్ల వెనక గరుత్మంతుడు, ఆ పక్కన ఆయుధాలు, నారదుడు, సేనాపతి అంటూ వరస సాగుతుంది కదా, పిల్లలు బల్లల మధ్య ఆ వరసలోనే నిలబడి, తమ పేరు వచ్చినప్పుడు అడుగు వేస్తూ నడిచారు. అలా ఆడీ ఆడీ పద్యం వాళ్లకి నోటికి వచ్చేసింది, నేను అప్పజెప్పమనలేదు. పోతన పద్యం పరుగెడుతుందని మనం ఊరికే అంటాం గానీ, పిల్లల కాళ్లకి ఆ సంగతి ముందు తెలుస్తుంది.

చదివినదానికి సారాంశం రాయించి ఫైల్ చెయ్యమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. దీనికి నేను ఒప్పుకోలేదు, చాలా వాదించాల్సి వచ్చింది. మార్కుల కోసం సారాంశం రాసిన పుస్తకాన్ని పిల్లలు మళ్లీ ముట్టుకోరు, నేను చూసినంతలో ఇది ఎప్పుడూ తప్పలేదు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో రాసిన గ్రంథాలయ సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని ఉంటుంది. అదే చూపించి, నచ్చకపోతే మధ్యలో ఆపేసి తిరిగి ఇచ్చే హక్కు పిల్లలకి ఉండాలని పట్టుబట్టాను. చివరికి ఒప్పుకున్నారు, కాకపోతే రిజిస్టర్ మాత్రం నేను రాయాలి. రాస్తున్నాను.

బీరువాలోవి కింది అరల్లోకి వచ్చాయి. సొంతంగా చదివేవాళ్లకి నండూరి రామమోహనరావు తెనిగించిన కాంచనద్వీపం, టామ్ సాయర్ ఇస్తున్నాను, ఇవి అరలో నిలవడమే లేదు. బారిష్టర్ పార్వతీశం టోపీ సంగతి వరకు చదివి ఆపితే పుస్తకం కోసం పోటీ. కుదించిన పుస్తకాలు వద్దని నేను అనను, కానీ భాష మొత్తం మార్చేసి కథ మాత్రం మిగిల్చినవి నాకు నచ్చవు, పక్కన అసలు పుస్తకం కూడా పెడతాను, పోల్చి చూసే పిల్లలు ఉన్నారు.

నీతిచంద్రిక మాత్రం ఇంకా కుదరలేదు. చిన్నయసూరి వాక్యం పొడుగు, చదివేవాళ్లకి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియాలి. పావురాలు వలతో సహా ఎగిరిపోయే చోటు నేను చదివితే శ్రద్ధగానే విన్నారు, పుస్తకం మాత్రం ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదు. ఈసారి ఏడో తరగతి వాళ్లకి ముందుగా సాధన చేయించి, వాళ్ల చేతే చిన్నవాళ్లకి చదివించాలని చూస్తున్నాను.