చీర కుచ్చెళ్ల కింద

1981 సంక్రాంతి రోజుల్లో, చిత్తూరు దగ్గర మా పొలంలో బెల్లం వండుతుండగా ఉడుకుతున్న పాకం నా కుడికాలి మీద ఒలికింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మోకాలి కింద నుంచి చీలమండ దాకా చర్మం ముడతలు పడి గట్టిపడిపోయింది. పెళ్లిచూపులనాడు అమ్మ కుచ్చెళ్లు నేలను తాకేలా చీర కట్టింది. ఆ తర్వాత నేనూ ఎప్పుడూ అలాగే కట్టుకున్నాను.

2022 వేసవిలో ఆ మచ్చ మధ్య చిన్న పగులు వచ్చి పుండయింది. మానలేదు. మేము చూపించుకున్న వైద్యుడు ఎనిమిది నెలలు పూతమందులు, మాత్రలు మార్చి మార్చి రాశారు. ఒకసారి ధైర్యం చేసి, "ఏదైనా పరీక్ష చేయిద్దామా సార్?" అన్నాను. "ఇదేమైనా ముఖమా అమ్మా? చీర కింద ఉండేదే కదా, ఎందుకంత కంగారు?" అన్నారు. ఆ మాటను ఇప్పటికీ క్షమించలేను.

కట్టు మార్చే నర్సమ్మ పసిగట్టింది. అంచులు పైకి లేచి గట్టిపడ్డాయి, వాసన మారింది, తాకితే రక్తం వస్తోంది. మా ఆయనను పక్కకు పిలిచి, "అన్నా, ఇక ఆలస్యం చేయకుండా తిరుపతికి తీసుకువెళ్లండి" అని చెప్పింది.

తిరుపతిలో పుండు అంచు నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే చర్మానికి వచ్చే ఒక రకం క్యాన్సర్. కాలిన పాత మచ్చలో పుట్టే ఇలాంటి పుండును మార్జోలిన్ అల్సర్ అంటారని, దశాబ్దాల తర్వాత కూడా వస్తుందని సర్జన్ బొమ్మ గీసి వివరించారు. ఎముకకు పాకి ఉంటే మోకాలి కింద తీసేయాల్సి రావచ్చని కూడా దాచకుండా చెప్పారు. ఎమ్మారై ఫలితం మర్నాడు.

ఆ రాత్రి వార్డు కిటికీలోంచి కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు కనిపిస్తున్నాయి. అబ్బాయికి ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి వస్తానని మొక్కుకున్నాను. ఉద్యోగం వచ్చింది, మొక్కు మిగిలిపోయింది. ఇక ఏ కాలితో ఎక్కను? దుప్పటి తొలగించి కాలిని చూసుకున్నాను. దాన్ని అంతసేపు చూడటం అదే మొదటిసారి. దాచిపెట్టమన్న అమ్మ మీద, ఆ వైద్యుడి మీద, చివరికి స్వామి మీద కూడా కోపం వచ్చింది. మా ఆయన నేల మీద చాప వేసుకుని కూర్చుని, తెల్లవారేదాకా నా మడమ పట్టుకునే ఉన్నారు.

ఎముకకు పాకలేదు. గజ్జల్లో గ్రంథులూ బాగున్నాయి. చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చర్మంతో సహా కోసి తీసి, తొడ చర్మం తెచ్చి అతికారు. కాలి కంటే తొడ ఎక్కువ మండింది. అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు వచ్చాక సర్జన్ గారికి చేతులెత్తి మొక్కాను. ఇప్పటికీ మూడు నెలలకోసారి చూపించుకుంటున్నాను.

కాలిన మచ్చలో లేచిన పుండు నెల దాటినా మానకపోతే, ఎవరు విసుక్కున్నా సరే, ముక్క తీసి పరీక్ష చేయమని అడగండి.

మెట్లెక్కడానికి ఇంకా అనుమతి రాలేదు. పోయిన నెల అలిపిరి పాదాల మండపంలో స్వామి పాదుకలు తలమీద పెట్టుకుని ప్రదక్షిణ చేసి వచ్చాను. లడ్డూ తీసుకుని నర్సమ్మ దగ్గరికి వెళితే, "ప్రసాదం తర్వాత, ముందు కాలు చూపించక్కా" అంది. వరండాలోనే, నలుగురూ చూస్తుండగా, కుచ్చెళ్లు ఎత్తి చూపించాను.